పెద్దాయన రక్తం జబ్బు

"వాళ్ళింట్లో రక్తం జబ్బు ఉందండీ."

ఈ ముక్క నాలుగోసారి చెవిన పడేసరికి సూదమ్మకి ఒళ్ళు మండింది. పదకొండు గంటలకి ఆ పుస్తకాల బైండింగ్ షాపులో అడుగుపెట్టింది మొదలు అడిగినవాళ్ళూ అదే చెప్పారు, అడగనివాళ్ళూ అదే చెప్పారు. ఏం జబ్బయ్యా, ఎలాంటి జబ్బయ్యా అంటే మాత్రం ప్రతివాడూ నీళ్ళు నమిలాడు. అందరికీ తెలిసిన సంగతిలా చెబుతారు, తీరా చూస్తే ఎవరికీ తెలియదు. లోకంలో సూదమ్మకి అన్నిటికంటే అనుమానం పుట్టించేవి ఇలాంటి మాటలే.

ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి ల్యాబులో జనం చేతులకి సూదులు గుచ్చి రక్తం తీసిన మనిషి ఆవిడ. ఆ ఉద్యోగం మానేసి అపరాధ పరిశోధనల్లోకి దిగినా పేరు మాత్రం వదల్లేదు. ఇప్పుడు ప్రశ్నలతో గుచ్చుతోంది కాబట్టి మార్చుకోవాల్సిన అవసరమూ కనిపించలేదు.

చనిపోయింది షాపు యజమాని. అందరూ పెద్దాయన అనేవారు. యాభై ఆరేళ్ళు. పొద్దున ఎనిమిదీ పదికి షాపు మేస్త్రి తన దగ్గరున్న తాళంతో షట్టరు తీసి చూస్తే, పెద్దాయన పనిబల్ల మీద తల వాల్చి ఉన్నాడు. ఎడమ బొటనవేలు తెగి ఉంది. కాగితాల దొంతర మీద ఎర్రగా మరక పరుచుకుని ఉంది. తొమ్మిదింటికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ తొమ్మిదీ ముప్పావుకల్లా అంతా తేల్చేశాడు. కత్తి జారింది, వేలు తెగింది, రక్తం జబ్బు కాబట్టి కారడం ఆగలేదు, మనిషి పోయాడు. ప్రమాదం. కింద సంతకం, పక్కన ముద్ర.

సూదమ్మని రమ్మన్నది పెద్దాయన ఒక్కగానొక్క కూతురు. నెలలు నిండి ఆస్పత్రి మంచం మీద ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తారు. భర్త ఓడలో పనిచేస్తాడు, ఒడ్డు చేరడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుంది. నిన్న సాయంత్రం ఏడూ అయిదుకి తండ్రి ఆమెకి ఫోన్ చేసి, ఆపరేషన్‌కి ముందు తానే వచ్చి డాక్టరుకి ఒక మాట చెప్పాలనీ, ఆ మాట కూతురికి ఎప్పుడో చెప్పి ఉండాల్సిందనీ అన్నాడట. ఏమిటో అడిగితే ఎదురుగా చెబుతానన్నాడట. చెప్పకుండానే పోయాడు. ఆ మాటేమిటో నాలుగింటి లోపల కనుక్కోమని అమ్మాయి బతిమాలింది. నాన్న ఎలా పోయాడన్నదానికంటే ముందు అది కావాలంది. ఎందుకో తన గురించీ బిడ్డ గురించీ భయంగా ఉందంది.

సూదమ్మ గడియారం చూసుకుంది. పన్నెండుకి పది నిమిషాలు.

పనిబల్ల ఆరడుగుల పొడవు. ఒక చివర దారపు ఉండలు, మైనం ముద్ద, దబ్బనం. ఇంకో చివర జిగురు డబ్బా, మూత బిగించే ఉంది. మధ్యలో కుట్టడానికి మడిచి పేర్చిన కాగితాలు. ఆవిడ భూతద్దం తీసి మరక మీదకి వంగింది. నడుమ చిక్కగా, నల్లబడిన ముద్ద, సగం అరచేతి మేర. దాని అంచు చుట్టూ పసుపు పచ్చని తడి ఆరిన గీత. ఆ గీత దాటాక లేత ఎరుపు, రెండు జానల వెడల్పున.

మేస్త్రి మూల నిలబడి కండువాతో మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ షాపులో కాగితం తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. సూదమ్మ అతన్ని పిలిచి, ఇన్నేళ్ళ అనుభవంతో ఈ కాగితాన్ని చూసి ఏమనిపిస్తోందో చెప్పమంది. అతను వేలి వెనక భాగంతో అంచు తడిమాడు. పై కాగితం ఎత్తి చూశాడు, దాని కిందది చూశాడు, అలా పదిదాకా చూశాడు. అతని ఏడుపు ఆగిపోయింది.

"ఇది రక్తం తడి కాదమ్మా, నీళ్ళ తడి," అన్నాడు. "కాగితం ఎలా ముడతలు లేచిందో చూడండి. రక్తం చిక్కన, పైన రెండు మూడు కాగితాలకి అంటుకుని ఆగిపోద్ది. ఇది అడుగుదాకా దిగింది. పనిచేసేప్పుడు ఈ బల్ల మీదకి మంచినీళ్ళ గ్లాసు కూడా రానివ్వం. పెద్దాయన చంపేస్తారు."

ఆ చివరి మాటకి తనే ఉలిక్కిపడి నాలిక కరుచుకున్నాడు.

సూదమ్మకి లెక్క అందింది. అక్కడ ఉన్న అసలు రక్తం మహా అయితే రెండు చెంచాలు. మిగతాదంతా ఎవరో నీళ్ళు పోసి పెంచిన వైభవం. రెండు చెంచాల రక్తానికే మనుషులు పోతే ఆవిడ పనిచేసిన ల్యాబు చుట్టుపక్కల వీధుల్లో జనం మిగిలేవాళ్ళు కాదు. పైగా ఆ రెండు చెంచాలూ చక్కగా గడ్డకట్టి, నీరు విడిచి, ఎండిపోయాయి. ఆగని రక్తం చేసే పని కాదది.

"ఏం సూదమ్మగారూ, కాగితాలకి కూడా సూది వేస్తున్నారా?"

ఇన్‌స్పెక్టర్ షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. ఇద్దరికీ ఇది మూడో కేసు. మొదటి రెండిట్లో చెరొకటీ గెలిచారు. ఆయనకి తన ఓటమే గుర్తుంది, ఆవిడకి తనదే గుర్తుంది. కాబట్టి పలకరింపుల్లో తీపికి కరువు లేదు, నిజానికే కరువు.

ఆవిడ నీళ్ళ సంగతి చెప్పింది. ఆయన నవ్వేసి, పడిపోయేటప్పుడు ఏ సీసానో దొర్లి ఉంటుందన్నాడు. ఆ సీసా చూపించమంది. మేస్త్రి తీసేసి ఉంటాడన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం గంటు పెట్టుకుని, ఇది వాళ్ళింట్లో తరాలుగా ఉన్నదేనని, అమ్మాయి తాతకీ ఇదే జబ్బు, ఆయన కొడుకు పెద్దాయనకీ ఇదే జబ్బు అని, దీన్ని హిమోఫీలియా అంటారని ఒత్తి ఒత్తి చెప్పాడు.

"తాత ఎలా పోయాడో అడిగారా?" అంది సూదమ్మ.

ఇన్‌స్పెక్టర్ అడగలేదు. మేస్త్రి చెప్పాడు. రోజంతా బస్సులో కూర్చుని ప్రయాణం చేసి, ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి, గుండె పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఒంటి మీద గీత కూడా లేదట.

"విన్నారుగా. చుక్క రక్తం కారలేదు. ఇంకోటి చెబుతాను, రాసుకోండి. హిమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై. మగపిల్లాడికి ఆ జబ్బు వస్తే తల్లి వైపు నుంచి రావాలి, తండ్రి ఇద్దామన్నా ఇవ్వలేడు. తాత నుంచి కొడుక్కి వచ్చిందంటే అది ఇది కాదు. ఇంతకీ ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"పెద్దాయన తమ్ముడే చెప్పాడు. పాపం ఏడుస్తూ చెప్పాడు. అన్న కూతురికి ఇవాళ ఆపరేషన్ కదా, డాక్టర్లకి తెలియాలి, మీ రిపోర్టు కాపీ ఒకటి ఆస్పత్రికి పంపించి పుణ్యం కట్టుకోండి అన్నాడు. పదింటికే పంపించాను. మీలాగా అందర్నీ అనుమానించే జబ్బు నాకు లేదు."

సూదమ్మ వెంటనే ఆ తమ్ముణ్ణి పిలిపించింది.

షాపులో అతన్ని చిన్నాయన అంటారు. ఆర్డర్లు తేవడం, పుస్తకాలు అందించడం అతని పని, షాపు రెండో తాళం అతని దగ్గరే ఉంటుంది. పనిబల్ల దగ్గర కూర్చున్న పాపాన పోలేదు. షాపూ, దాని మీది ఇల్లూ అన్న పేరున ఉన్నాయి, అన్న తరువాత కూతురివి, కూతురూ బిడ్డా లేకపోతే చిన్నాయనవి. రెండేళ్ళుగా అమ్మేద్దామని తమ్ముడూ, నేను పోయాక చూసుకోండని అన్నయ్యా పట్టుబడుతున్నారు. ఇదంతా మేస్త్రి అప్పటికే గుసగుసగా చెప్పేశాడు.

చిన్నాయన కళ్ళు వాచి ఉన్నాయి, చొక్కా మాత్రం ఇస్త్రీ నలగలేదు. నిన్న ఆరున్నరకి షాపు నుంచి వెళ్ళిపోయాననీ, పొద్దున మేస్త్రి ఫోన్ చేసేదాకా తనకేమీ తెలియదనీ చెప్పాడు. అన్నయ్య వాడే మందుల గురించి అడిగితే, తనే ప్రతి ఆదివారం ఏడు గళ్ళ డబ్బాలో వారానికి సరిపడా సర్దుతానన్నాడు. డబ్బా తెచ్చి ముందు పెట్టాడు కూడా. మూడు గళ్ళు ఇంకా నిండి ఉన్నాయి. గడికొక మాత్ర.

ఏం మందు అని సూదమ్మ అడిగింది.

"రక్తం పట్టడానికటండీ. నాకవన్నీ ఏం తెలుస్తాయి, చదువుకున్నవాణ్ణా? డాక్టరు రాసిచ్చింది పెడతాను."

పొద్దున ఇన్‌స్పెక్టర్‌కి హిమోఫీలియా అని పేరు పెట్టి చెప్పిన మనిషి ఇతనేనా అని సూదమ్మ పైనుంచి కిందిదాకా చూసింది. ఇన్‌స్పెక్టర్ కూడా ఒకసారి తలెత్తి చూశాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం ఏదని అడిగితే, ఇల్లంతా గాలించాననీ ఒక్క ముక్కా దొరకలేదనీ చిన్నాయన చెప్పాడు. అన్నయ్యకి కాగితాలు దాచుకునే అలవాటు లేదన్నాడు. ఆ మాటకి మూలనున్న మేస్త్రి నోరు తెరవబోయి మళ్ళీ మూసుకోవడం సూదమ్మ చూసింది.

ఈమధ్య అన్నయ్య ఒంట్లో ఎలా ఉందని ఆఖరి ప్రశ్న వేసింది. బాగానే ఉన్నాడని చిన్నాయన లేచి నిలబడ్డాడు. ఆస్పత్రిలో అమ్మాయి ఒక్కతే ఉందనీ, కాగితాల మీద సంతకాలకి ఇంటి మనిషి కావాలంటున్నారనీ చెప్పి బయల్దేరాడు. ఆపడానికి సూదమ్మ చేతిలో ఇంకా ఏమీ లేదు. ఒంటిగంటా పది.

అతను వీధి మలుపు తిరగ్గానే సూదమ్మ మేస్త్రి వైపు తిరిగింది.

"దాచుకోకపోవడమేంటమ్మా," అన్నాడు మేస్త్రి. "మా పెద్దాయన చిత్తు కాగితం కూడా పారెయ్యరు. పాతవన్నీ ఒకదాని మీద ఒకటి అతికించి, బరువు పెట్టి, అట్టలు చేస్తారు. సొంతానికి వాడుకునే పుస్తకాలన్నిటికీ ఇంటి కాగితాల అట్టే. చిన్నాయన ఈ బల్ల దగ్గర ఒక పూట కూర్చునుంటే తెలిసేది."

పెద్దాయన రోజూ చేతిలో పట్టుకు తిరిగే కొలతల పుస్తకం బల్ల సొరుగులో దొరికింది. మేస్త్రి దాని అట్ట ఊడదీసి, తడిగుడ్డలో చుట్టి, జిగురు మెత్తబడేదాకా ఆగి, సూదిమొనతో పొరలు విప్పడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు గడియారం చూసి, ఒకసారి ఆవలించి, కాకమ్మ కబుర్లకి తన దగ్గర టైము లేదని లేచాడు కానీ గుమ్మం దాటలేదు. మొదటి పొర పాత కాలెండరు. రెండోది ఎవరిదో పెళ్ళి శుభలేఖ. నాలుగోది మందుల చీటీ. అయిదోది ల్యాబు రిపోర్టు.

అప్పటికి రెండుకి అయిదు నిమిషాలు. సూదమ్మ ఆ తడి కాగితాన్ని అద్దం మీద పరిచి చదివింది. ఆరేళ్ళ కిందటిది. ప్రొటీన్ సి లోపం. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడింది. రక్తనాళాల్లో గడ్డలు కట్టే స్వభావం. రక్తం పలచబరిచే మందు జీవితాంతం వాడాలి. సంతానానికి వచ్చే అవకాశం సగానికి సగం, పరీక్ష తప్పనిసరి, గర్భం వస్తే మరీ జాగ్రత్త.

అమ్మాయికి తండ్రి చెప్పాలనుకున్న మాట ఇది. పెళ్ళి కావాల్సిన పిల్ల అని ఒకప్పుడు దాచాడో, పరీక్ష అంటే భయపడుతుందని దాచాడో, ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. సూదమ్మకి ఆయన మీద జాలీ కోపమూ కలిసి వచ్చాయి.

"కొంచెం తెలుగులో చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి గొంతులో ఎకసెక్కెం లేదు.

"మన ఒంట్లో రక్తాన్ని గడ్డకట్టించేవీ ఉంటాయి, ఇక చాలు ఆపమనేవీ ఉంటాయి. ఈ ఇంటివాళ్ళలో ఆపమనేది సగమే పుడుతుంది. వీళ్ళది గడ్డకట్టని జబ్బు కాదండీ, గడ్డకట్టే జబ్బు. రెండిటినీ రక్తం జబ్బనే అంటారు. కాలి నరంలో గడ్డ కడుతుంది. అది ఊడి ఊపిరితిత్తికి చేరిందంటే కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోతాడు."

మేస్త్రి నెత్తి బాదుకున్నాడు. పెద్దాయన నాలుగు రోజులుగా పిక్క వాచి నడవలేకపోయాడనీ, బెణికిందిలే అని చిన్నాయనే సర్దిచెప్పాడనీ అప్పుడు గుర్తుకొచ్చింది. మందుల చీటీలో రోజుకి ఒకటిన్నర మాత్ర అని ఉంది. డబ్బాలో గడికొకటే ఉంది, అరముక్క ఒక్కటీ లేదు. సూదమ్మ ఒక మాత్ర తీసి తిప్పి చూసింది. సగానికి విరుచుకునే గీత కూడా దాని మీద లేదు, అసలది చీటీలో రాసిన మందే కాదు. డోసు తగ్గిందని చిన్నాయన రెండు నెలల కిందట షాపులో అందరి ముందూ చెప్పాడట.

ఇన్‌స్పెక్టర్ బుర్ర గోక్కుని, ఒకటి మాత్రం అర్థం కావడం లేదన్నాడు. చిన్నాయన మందు మార్చి గడ్డ కట్టేలా చేశాడు, మనిషి పోయాడు, చూసినవాళ్ళు గుండెపోటు అనుకునేవాళ్ళు. అలా వదిలేస్తే సరిపోయేదానికి, వేలు కోసి, నీళ్ళు పోసి, లేని జబ్బుని తెచ్చిపెట్టడం ఎందుకు? జబ్బేమిటో తెలియక పొరపాటు పడ్డాడా?

సూదమ్మ కూడా ఒక్క క్షణం అలాగే అనుకుంది. మరుక్షణం మందుల డబ్బా వైపు చూసింది. ఆరేళ్ళు మందు సర్దినవాడికి తెలియకపోవడమేమిటి? ఆ వేలు కోసింది పోయినవాడి కోసం కాదు. డాక్టర్ల కోసం.

ఆస్పత్రికి ఫోన్ చేసింది. కాన్పుల వార్డు నర్సు ఫైలు తీసి చదివింది. తండ్రి రక్తం ఆగక చనిపోయారు, వంశంలో ఉంది, ఆపరేషన్‌కి ముందు రక్తం గడ్డకట్టించే ఇంజెక్షన్ ఇవ్వాలి, గడ్డలు కట్టకుండా ఇచ్చేది ఇవ్వకూడదు. బంధువులు తొందరపడుతున్నారని నాలుగింటి ఆపరేషన్ రెండున్నరకి జరిపారు. ఈ సమాచారం ఎవరిచ్చారని సూదమ్మ అడిగింది. పేషెంటు బాబాయి ఫోన్ చేసి చెప్పారంది నర్సు. పొద్దున ఏడున్నరకి.

"ఏడున్నరకా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. షట్టరు తెరిచింది ఎనిమిదీ పదికి. ఆయన చేతిలోని టోపీ బల్ల మీద పెట్టేశాడు.

ఇంజెక్షన్ వెంటనే ఆపమంది సూదమ్మ. నర్సు ఒప్పుకోలేదు. నోటిమాట మీద మార్చడానికి కుదరదనీ, పోలీసు రిపోర్టు ముద్రతో సహా ఫైల్లో ఉందనీ, డాక్టరుగారు అది చూసే రాశారనీ చెప్పింది. సూదమ్మ ఫోను ఇన్‌స్పెక్టర్ వైపు చాపింది. ఆయన దాన్ని చూశాడు, ఆవిడని చూశాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆ మనిషి నోట ఎన్నడూ రాని మాట అప్పుడొచ్చింది.

"అమ్మా, ఆ రిపోర్టు రాసింది నేనే. అది తప్పు. నాదే తప్పు. ఆ అమ్మాయి రక్తం ఆగని రక్తం కాదు, గడ్డలు కట్టే రక్తం కావచ్చు. ఇంజెక్షన్ ఇవ్వకండి. డాక్టరుగారితో ఇప్పుడే చెప్పండి, నేను బయల్దేరుతున్నాను."

నర్సు పరుగెత్తిన చప్పుడు ఫోన్లో వినబడింది. రెండు నిమిషాలకి తిరిగొచ్చి, ఇంజెక్షన్ ఇంకా ఇవ్వలేదనీ డాక్టరుగారు ఆపమన్నారనీ చెప్పింది. మేస్త్రి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ నుదురు తుడుచుకుని జీపు దగ్గరికి పరుగుతీశాడు. ఇరవై నిమిషాల దారి. సూదమ్మ వెనకే ఎక్కి, అమ్మాయికి నాలుగు ధైర్యవచనాలు చెబుదామని ఆమె ఫోనుకి చేసింది.

అమ్మాయి గొంతు నీరసంగా ఉన్నా కాస్త తేలికపడినట్టే ఉంది. బాబాయి వచ్చాక ధైర్యంగా ఉందంది. నర్సుని అప్పుడే ఎవరో పిలిస్తే వెళ్ళిందనీ, గదిలో తామిద్దరమే ఉన్నామనీ చెప్పింది.

"పొద్దుటినుంచి ఈ పిక్క ఒకటే సలుపండీ. రాయిలా బిగుసుకుపోయింది. పాపం బాబాయి వచ్చినప్పటినుంచీ కూర్చుని కాలు పిసుకుతూనే ఉన్నాడు."

సూదమ్మ ఫోను చెవికి అదుముకుంది. జన్యువు కూతురికీ దిగింది. గడ్డ కట్టింది. దాన్ని ఊడబెరకడానికి ఒక మనిషి ప్రేమగా పక్కనే కూర్చున్నాడు.

"తల్లీ, నేను చెప్పేది విని ఊఁ అను చాలు," అంది సూదమ్మ. "కాలు మెల్లగా వెనక్కి తీసుకో. నొప్పిగా ఉంది, ఇక ముట్టుకోవద్దని చెప్పు. ఇంకో చేత్తో బెల్లు నొక్కు. నర్సు వచ్చేదాకా తియ్యకు."

"ఊఁ" అంది అమ్మాయి. దుప్పటి కదిలింది. బెల్లు మోగడం మొదలైంది.

"ఎవరమ్మా ఫోన్లో?" అన్న మాట చాలా దగ్గరగా వినబడింది. ఫోను చేతులు మారింది. సూదమ్మ ఇన్‌స్పెక్టర్ భుజం పట్టుకుని ఊపింది. అంతలో, గదిలోకి ఎవరూ వచ్చిన చప్పుడు లేకుండానే, బెల్లు మధ్యలోనే ఆగిపోయింది.